నేల పొడిగానే ఉన్నదని తెలియజేయడమైనది

ఒక నేల తడిగా ఉందో పొడిగా ఉందో నిర్ణయించే అధికారం ఆ నేలకు లేదు. దానిమీద నిలబడినవాళ్లకు అంతకన్నా లేదు. ఆ అధికారం కార్యాలయానిది. ఈ సంగతి తెలియని పూర్వకాలంలో జనం కిందికి వంగి, అరచేయి పెట్టి చూసి, ‘తడిగా ఉంది’ అని ఎవరికి వారే తేల్చేసుకునేవారు. అంతటి అరాచకంలోంచి మనం ఇంత దూరం వచ్చాం.

గురజాలలో ప్రభుత్వ మహిళా కుట్టు వికాస సంస్థవారి శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ కుట్టు నేర్పేది సంస్థ ఉద్యోగి జీనత్. చిన్నవాళ్లకు ‘ఆపా’, అంటే అక్క. ముప్పయ్యయిదేళ్ల మనిషి. గొంతు పెంచకుండానే పది మెషిన్ల చప్పుడు మధ్య మాట వినిపించగలదు. ఆ ఏడాది కేంద్రానికి మొదటిసారి బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని వచ్చింది. బడులు తెరిచేలోగా కుట్టి ఇస్తే ఆ బ్యాచ్ ఆడవాళ్లందరికీ సర్టిఫికెట్లు వస్తాయి, పై ఏడాది పనీ వీళ్లకే వస్తుంది. ఇవ్వలేకపోతే ఆ పని ఎక్కడో ఫ్యాక్టరీకి పోతుంది. ఇదంతా సంస్థవారే జీనత్‌కు వివరంగా చెప్పి, భయపడవద్దని కూడా చెప్పారు.

ఇంత పని వచ్చింది కదా అని కేంద్రానికి కొత్త భవనం మంజూరు చేశారు. ప్రారంభోత్సవానికి సంస్థ డిప్యూటీ డైరెక్టరు గారు తేదీ ముందే ఇచ్చేశారు. భవనం తర్వాత వచ్చింది.

కట్టింది కాంట్రాక్టరు నాగేశ్వరరావు. కబుర్ల మనిషి, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. నేలమీద కాంక్రీటు పోసేముందు భూమిలోని తేమ పైకి రాకుండా కింద పాలిథిన్ పట్టా పరవాలని, పోశాక నెలల తరబడి ఆరనివ్వాలని, ఆ తర్వాతే పైన ఏదైనా అతికించాలని ఆయనకు బాగా తెలుసు. పట్టా పరవడానికి టైము లేకపోయింది. మిగతాది మాత్రం ఆయన దాచుకోలేదు. ‘సార్, కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉంది’ అని ఫోన్‌లో చెప్పాడు. ‘పచ్చిగా ఉన్నది కనపడకుండా షీటు వేసెయ్యండి’ అని పైనుంచి పరిష్కారం వచ్చింది. అలా టేకు చెక్కలా కనిపించే ప్లాస్టిక్ షీటు గోడ నుంచి గోడ దాకా జిగురుతో అతికించారు. (చుట్టుపక్కల క్వారీల నుంచి నాపరాళ్లు లారీల మీద ఊళ్లకు పోయే ప్రాంతం ఇది. అలాంటిచోట నాపరాళ్లే పరిస్తే దాన్ని అభివృద్ధి అనరు.)

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. డిప్యూటీ డైరెక్టరు గారు బూట్లు విప్పి నడిచి, ‘నిజం చెక్కలాగే ఉందే’ అన్నారు. నేల పొడిగా ఉన్నట్టు ధ్రువీకరణ పత్రం మీద అక్కడే సంతకం పెట్టారు.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున ఫర్హీన్ తల ఎత్తింది. బ్యాచ్‌లో అందరికన్నా చిన్నది ఫర్హీన్, అందరికన్నా వేగంగా కుట్టేదీ ఆ అమ్మాయే. సర్టిఫికెట్ రాగానే ఇంటి ముందు గదిలో సొంత షాపు పెట్టాలని పేరు కూడా ఆలోచించి పెట్టుకుంది.

“ఆపా, నా మెషిన్ నడుస్తోంది.”

“నడవనీ. నడవడానికేగా ఇచ్చింది,” అంది జీనత్.

“అట్లా కాదాపా. నిజంగానే నడుస్తోంది. పొద్దున కిటికీ కాడుంది. ఇప్పుడు చూడు.”

జీనత్ చూసింది. మెషిన్ జానెడు దూరం ప్రయాణం చేసి ఉంది. దాని కింద నేల చపాతీలా పొంగింది. జీనత్ పాదంతో నొక్కింది. పొంగు అణిగి, రెండడుగుల అవతల లేచింది.

“ఉండమ్మాయ్, నేను చూస్తా,” అంటూ ఆదిలక్ష్మమ్మ లేచి వచ్చింది. ఆమెకు అరవై దాటాయి. ఊళ్లో టైలర్లు నలభై ఏళ్లుగా ఆమె జాకెట్లు ఏనాడూ చెప్పిన రోజుకు ఇవ్వలేదు. ఇక ఒకళ్ల మీద ఆధారపడకూడదని ఈ వయసులో కుట్టు నేర్చుకోవడానికి వచ్చింది. ఆమె రెండు కాళ్లూ పెట్టి పొంగు మీద నిలబడింది. పొంగు మర్యాదగా పక్కకు జరిగి, బట్టల బస్తాల కిందకు పోయింది.

నాగేశ్వరరావు ఆమెకు చెల్లెలి కొడుకు వరస. వెంటనే ఫోన్ చేసింది.

“ఒరేయ్ నాగేశ్వరావా, నేల పొంగుతందిరా.”

“పొంగితే మంచిదేగా పెద్దమ్మా. కాళ్లకు మెత్తగా ఉంటది.”

“కింద నీళ్లున్నయ్యిరా.”

“నీళ్లు లేని ఊళ్లో నీళ్లున్నయ్యని ఏడుస్తారేంది?” అని ఆయన నవ్వుతూ పెట్టేశాడు. (ఈ మాట తర్వాత ప్రభుత్వ విధానం అవుతుందని ఆయనకు ఆ క్షణంలో తెలియదు.)

ఆ సాయంత్రం జీనత్ బస్తాలు విప్పి చూసింది. అడుగున ఉన్న నీలం బట్ట నిండా నల్లటి బూజు చుక్కలు. రెండు ముక్కలు ఇంటికి తీసుకెళ్లి సబ్బుతో రుద్దింది, నిమ్మకాయ పెట్టింది, ఎండలో వేసింది. చుక్కలు పోలేదు. కేంద్రం గదంతా మగ్గిన గోనెసంచి వాసన వేస్తోంది. పదిమంది ఆడవాళ్ల చేతిపని ఈ చుక్కల కిందే పోతుందేమోనన్న ఆలోచనతో ఆమెకు అన్నం సహించలేదు.

మర్నాడు ఆమె సంస్థవారి ‘నా నేల’ యాప్ తెరిచింది. సంస్థకు ఉపరితలాల విభాగం అని ప్రత్యేకంగా ఒకటి ఉంది. నేలకు సంబంధించిన కష్టాలన్నీ ఆ విభాగానికి యాప్ ద్వారానే చెప్పుకోవాలి. ‘మీ నేలకు ఏమైంది?’ అని అడిగి, యాప్ మూడే జవాబులు ఇచ్చింది: పగిలింది, జారుతోంది, దొంగిలించబడింది. తడి అన్నది లేదు. జీనత్ చాలాసేపు ఆలోచించి, మూడింటిలో సత్యానికి కాస్త దగ్గరగా ఉన్నదని ‘జారుతోంది’ నొక్కింది. ‘జాగ్రత్తగా నడవండి. మీ సమస్య పరిష్కరించబడింది’ అని వెంటనే మెసేజ్ వచ్చింది. వెనకే సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఇంకో మెసేజ్ వచ్చింది.

ఆమె నక్షత్రాలు ఇవ్వలేదు. బస్సెక్కి నరసరావుపేట వెళ్లింది. ఉపరితలాల విభాగంలో సహాయ నేల పరిశీలకుడు నవీన్‌ను కలిసి, వచ్చి చూడమని అడిగింది. నవీన్ కుర్రవాడు, ఎడ్లపాడు వైపు మనిషి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు గనుక వస్తానని చెప్పి నిజంగానే వచ్చాడు.

సంచిలోంచి తడి కొలిచే మీటరు తీశాడు. ఆడవాళ్లంతా మెషిన్లు ఆపి చుట్టూ చేరారు.

“ఈ మీటరు కాంక్రీటుకు తగలాలండి,” అన్నాడు.

“అయితే షీటు లేపండి,” అంది జీనత్.

“లేపకూడదండి. షీటుకు పదిహేనేళ్లు ఆయుష్షు ఇచ్చారు. అది తీరేదాకా లేపడానికి రూలు ఒప్పుకోదు.”

“అంటే పదిహేనేళ్లయినాక తడి ఉందో లేదో చెప్తారా?”

“అప్పటికి షీటే ఉండదు కదండీ. చెప్పాల్సిన అవసరం పడదు.”

ఇది విని ఆదిలక్ష్మమ్మ “చానా బాగుంది,” అంది. నవీన్ దాన్ని మెచ్చుకోలు అనుకుని కొంచెం తలవంచాడు.

రూలు ప్రకారం మీటరు షీటు పైనే పెట్టాడు. సున్నా చూపించింది. షీటు తన పని తాను చేస్తోంది, చుక్క నీరు పైకి రానివ్వడం లేదు. “పొడి,” అని ప్రకటించి, మీటరు సంచిలో పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు రెండు షీట్లు కలిసే అతుకు మీద పడింది. అతుకులోంచి తెల్లటి జిగురునీళ్లు చిమ్మి, అతని ప్యాంటును మోకాలి దాకా తడిపాయి.



“ఇదేంది నాయనా?” అంది ఆదిలక్ష్మమ్మ.

నవీన్ ప్యాంటు వంక చూసుకున్నాడు. “ఇది నా ప్యాంటు తడండి. నేలది కాదు.”

ముందుగా ఫర్హీన్ ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరూ నవ్వేశారు. చివరికి నవీన్ కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే జీనత్ బూజు పట్టిన బట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతని నవ్వు ఆగిపోయింది.

“మా అమ్మ కూడా కుడతదండి,” అన్నాడు బట్ట తిరగేసి చూస్తూ. “ఇది పోదు కదా?”

“పోదు.”

అతను స్టూలు మీద కూర్చుని యాప్ మొత్తం వెతికాడు. ఆ బట్ట చూసి అతనికి నిజంగానే బాధ కలిగింది. ‘తడి’ అని రాయడానికి ఎక్కడా వీల్లేదు. ‘నీళ్లు’ అని రాయడానికి మాత్రం ఒకచోట వీలుంది. ‘కేంద్రంలో నీటి వనరు’ అన్నచోట ‘నేల కింద నీరు కలదు’ అని రాసి పంపాడు. పైవాళ్లు ఎవరైనా చదివి, ఇదేమిటని అడిగితే, అప్పుడు విషయం చెప్పవచ్చని అతని ఆశ.

పైవాళ్లు చదివారు. అడగలేదు.

మరుసటి వారం, రోజూ కేంద్రానికి నీళ్లు పోసే ట్యాంకరు వీధిలోకి వచ్చి, ఆగకుండా పోయింది. జీనత్ పరుగెత్తి డ్రైవరు మౌలాలీని ఆపింది.

“మీకు సొంత నీళ్లున్నయ్యంట కదమ్మా,” అన్నాడు మౌలాలీ. “ఫోన్‌లో మీ కేంద్రం పేరు తీసేశారు.”

“యాడున్నయ్యి భాయ్ నీళ్లు?”

“కిందున్నయ్యంట.” అతను పాపం ఇబ్బంది పడ్డాడు. “నాకేం తెలుసమ్మా, ఫోన్ ఎట్లా చెప్తే అట్లా పోతా.”

ఆనాటి నుంచి ఆడవాళ్లు తాగే నీళ్లు ఇళ్ల నుంచి సీసాల్లో తెచ్చుకున్నారు. పాలిథిన్ పట్టా లేని కాంక్రీటు మాత్రం తన నీళ్లు తాను భూమిలోంచి నేరుగా తెచ్చుకుంటూనే ఉంది. మెషిన్లు ఊరేగకుండా ఫర్హీన్ వాళ్ల నాన్న నాపరాళ్లు తెచ్చి కింద పెట్టించాడు. మిగిలిన బట్టను పైన తాళ్లు కట్టి వేలాడదీశారు. గది చాకిరేవులా తయారైంది. పని మాత్రం ఆగలేదు.

ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. కరువు ప్రాంతంలో నేల కింద నీటిని నిలిపిన ఏకైక కేంద్రంగా గురజాలను గుర్తించడమైనదని, సదరు వనరు ఆవిరి కాకుండా ఫ్యాన్లు తక్షణం నిలిపివేయవలెనని, కిటికీలు మూసి ఉంచవలెనని అందులో ఉంది. పల్నాటి ఏప్రిల్‌లో ఫ్యాన్ లేకుండా మూసిన గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో రాయడం అనవసరం. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లు ఆదేశాలు రాస్తారు.

అధ్యయన బృందాల రాక కూడా మొదలైంది. మిగతా కేంద్రాలవాళ్లు వచ్చి, షీటు మీద మెల్లగా నడిచి, అది కదిలినచోట ఆశ్చర్యపోయి, ఫోటోలు తీసుకున్నారు. సత్తెనపల్లి నుంచి వచ్చినావిడ ఆదిలక్ష్మమ్మను గౌరవంగా అడిగింది: “ఇది మీరు ఎట్లా సాధించారండీ?”

“ఏం చెయ్యలేదమ్మా. ఊరికే కూకున్నాం.”

ఆవిడ ‘సామూహిక ఓర్పు’ అని రాసుకుంది.

మే నెల మొదట్లో, కేంద్రానికి ఉత్తమ జల సంరక్షణ పురస్కారం ఇవ్వడానికి డిప్యూటీ డైరెక్టరు గారు స్వయంగా వస్తున్నారని కబురు వచ్చింది. అప్పటికి అంచుల్లో ఉన్న రాళ్ల బరువుకు పొంగులన్నీ గది మధ్యకు చేరి ఒక్కటయ్యాయి. పడుకున్న గేదె వీపంత ఉంది అది. దాని చుట్టూ తిరిగి వెళ్లడం అందరికీ అలవాటైపోయింది. యూనిఫాంలు ఇంకా సగం ఉన్నాయి. బూజు చుక్కలు వేలాడదీసిన బట్ట మీదకు కూడా పాకుతున్నాయి.

“ఈ వానాకాలం దాకా ఇట్లాగే ఉంటే ఒక్క చొక్కా మిగలదాపా,” అంది ఫర్హీన్. ఎప్పుడూ కబుర్లు చెప్పే పిల్ల ఆ మాట అని, తల దించుకుని కుట్టుకుంటూ పోయింది. జీనత్‌కు ఆ మాట ఫ్యాను లేని గదికన్నా ఎక్కువ ఉక్కగా అనిపించింది. బయటికి వచ్చి నవీన్‌కు ఫోన్ చేసింది.

“సార్, షీటు లేపకూడదు అని రూలు. అంతేగా?”

“అంతేనండి.”

“కత్తిరించకూడదని ఉందా?”

అవతల కాసేపు కాగితాల చప్పుడు. “లేదండి. ఎవరూ కత్తిరిస్తారనుకోలేదు.”

“నీటి వనరుకు ప్రారంభోత్సవం జరిగిందా?”

“లేదండి, అవార్డే ఇస్తన్నారు...” అని ఆగాడు. “ప్రారంభోత్సవం జరగని దానికి అవార్డు ఇస్తే ఆడిట్‌లో ఒప్పుకోరండి.”

“ప్రారంభోత్సవం అంటే పెద్ద సారు ఏదో ఒకటి కత్తిరించాల కదా?”

 నవీన్ నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత పూర్తి ప్రభుత్వ గొంతుతో, “కార్యక్రమంలో చేర్పిస్తానండి,” అన్నాడు.

పురస్కారం రోజున పొంగు చుట్టూ ముగ్గు వేసి బంతిపూలు చల్లారు. డిప్యూటీ డైరెక్టరు గారు వచ్చారు, నాగేశ్వరరావు వచ్చాడు, ఫోన్లు పట్టుకున్న విలేకరులు వచ్చారు. నవీన్ ఒక మూలగా, అతుకులకు దూరంగా నిలబడ్డాడు. ఫర్హీన్ పళ్లెంలో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చింది. 

“రిబ్బన్ ఏదమ్మా?” అన్నారు డిప్యూటీ డైరెక్టరు గారు అటూ ఇటూ చూసి.

“రిబ్బన్ ఎవరైనా కత్తిరిస్తారు సార్,” అంది జీనత్. “మీరు వనరునే తెరవాలని మా అందరి కోరిక.”

ఇలాంటి కోరికను కాదనగల అధికారి ఇంకా పుట్టలేదు. ఆయన వంగి, పొంగిన టేకు షీటు మధ్యలో కత్తెర గుచ్చి, గట్టిగా ఒక్క కత్తిరింపు కత్తిరించారు. బుస్సుమంటూ గాలి వచ్చింది. వెనకే తెల్లనీళ్లు వచ్చి ఆయన బూట్లు తడిపాయి. ఆ వెనక నాలుగు నెలల వాసన ఒక్కసారిగా లేచింది. చప్పట్లు కొడుతున్నవాళ్లలో సగంమంది ముక్కులు మూసుకోవడానికి ఆపేశారు.

“ఇదేం వాసనయ్యా?”

“మట్టి వాసన సార్,” అన్నాడు నాగేశ్వరరావు తడుముకోకుండా.

“సార్,” అంది జీనత్, మైకు ఆయన నోటి దగ్గరకు జరిపి, “కోసినచోట కొంచెమే కనపడతంది. విలేకరులకు వనరు మొత్తం చూపించమంటారా?”

“చూపించండి! మొత్తం తీసి చూపించండి!” అన్నారాయన. మాట మైకులోంచి వీధి చివరిదాకా వినిపించింది.

ఆడవాళ్లు ఇంకో మాట అనే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. కొంగులు దోపుకుని, మెషిన్లూ రాళ్లూ అవతలికి జరిపి, తలో అంచూ పట్టుకున్నారు. జిగురు ఏనాడో నీళ్లైపోవడంతో షీటు అరటాకులా లేచి వచ్చింది. ఆదిలక్ష్మమ్మ దాన్ని చాపలా చుట్టి, పంచాయతీ తీర్చినంత గంభీరంగా నాగేశ్వరరావు భుజం మీద పెట్టింది. “మోసుకుపోరా. మెత్తగా ఉంటది.”

కింద నల్లగా తడిసిన కాంక్రీటు బయటపడింది. డిప్యూటీ డైరెక్టరు గారు దానికి నమస్కారం పెట్టి, పురస్కారం ఇచ్చి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్లిపోయారు.

ప్రారంభమైన వనరును ప్రజల సందర్శనార్థం తెరిచి ఉంచాలన్నది ఇంకో రూలు. అందుకని తలుపులూ కిటికీలూ తెరిచారు. పల్నాటి మే నెల లోపలికి వచ్చింది. రోజురోజుకూ నేల నలుపు నుంచి బూడిద రంగుకు, అక్కడి నుంచి తెల్లగా మారింది. భూమిలోంచి వచ్చే కొద్ది తేమా ఆగడానికి మూత లేక గాలిలో కలిసిపోయింది. బూజు చుక్కలున్న బట్టను జీనత్ పారెయ్యలేదు. బాగున్న మేర కత్తిరించి లోపలి జేబులకు, కాలర్ల లోపలి పొరలకు వాడించింది. బడులు తెరిచే ముందురోజు ఆఖరి చొక్కాకు ఆఖరి బొత్తాం పడింది. అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. ఆదిలక్ష్మమ్మ తన జాకెట్ తానే కుట్టుకుని, చెప్పిన రోజుకు తనకు తానే ఇచ్చుకుంది.

ఆ వారంలో ఫర్హీన్ బజారులో ఎదురైన ఒక బడిపిల్లను ఆపి, కాలర్ సవరించి, కుట్టు చూసింది. “ఇది నేను కుట్టిందే,” అంది. ఆ పిల్ల, “బిగుతుగా ఉంది,” అనేసి పోయింది. ఫర్హీన్ ఆ సంగతి కేంద్రానికి వచ్చి మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ సంతోషంగానే.

జూన్ చివర్లో నవీన్ వచ్చాడు. పురస్కారం పొందిన వనరులను ఏటా జూన్‌లో తనిఖీ చేయాలట. ఈసారి మీటరు నేరుగా కాంక్రీటుకే తగిలింది. “పొడి,” అన్నాడు. ఈసారి అది నిజం. అందరూ చప్పట్లు కొట్టారు, జీనత్ టీ తెప్పించింది.

టీ తాగుతూ అతను ఆ మాటే యాప్‌లో నమోదు చేశాడు. తెర ఎర్రగా మారింది. ‘నీటి వనరు ఎండిపోయినది’ అని చూపించి, కారణం అడిగింది. ‘ఎండ’ అని రాశాడు. ఒప్పుకుంది. బాధ్యులు ఎవరని అడిగింది. నవీన్ కిటికీలోంచి పైకి ఒకసారి చూసి, నిజాయితీగా ‘సూర్యుడు’ అని రాశాడు. బాధ్యుల ఉద్యోగి సంఖ్య కూడా రాయమంది.

సూర్యుడికి ఉద్యోగి సంఖ్య లేదు. జీనత్‌కు ఉంది.